జిగ్ అడుగు తాకిందో లేదో ఎలా తెలుస్తుంది?

పోయిన సంచికలో టెక్సస్ లేక్స్‌లో ఉండే లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి చేప గురించి రాసినప్పుడు జిగ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి మీదే ఉన్నాయి, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం జిగ్‌కే ఇచ్చేస్తున్నాం. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట: జిగ్ అంటే హుక్ మెడ దగ్గర సీసం గానీ టంగ్‌స్టన్ గానీ తల పోసి, దానికి సన్నటి సిలికాన్ దారాల కుచ్చు కట్టిన ఎర. ఆ కుచ్చుని స్కర్ట్ అంటారు. వెనకాల గోళ్లున్న మెత్తటి ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చుతాం, అది ట్రెయిలర్. నీళ్ల అడుగున పాకుతుంటే బాస్‌కి అది క్రాఫిష్‌లా కనిపిస్తుంది. క్రాఫిష్ చూడనివాళ్లు రొయ్యకి ఎండ్రకాయ గోళ్లు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్లాస్టిక్ వానపాము వేస్తే చేపలు బాగానే పడుతున్నాయి గానీ జిగ్ వేస్తే ఒక్కటీ పడట్లేదు. కొట్టింది చేపో, తగిలింది రాయో, అసలు జిగ్ అడుగుకి చేరిందో లేదో కూడా తెలియట్లేదు. వీడియోల్లో వాళ్లకి ఎలా తెలుస్తోంది? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో

వాళ్లకి చేతితో తెలుస్తోందండీ. జిగ్‌లో నేర్చుకోవాల్సింది ముప్పావు వంతు ఇదే, మిగతా రంగులూ బ్రాండ్లూ అన్నీ దీని తర్వాతే. మీకు చేపలు కొట్టట్లేదని నేననుకోను, కొడుతున్నాయి, మీకు తెలిసేలోపే ఉమ్మేస్తున్నాయి అంతే. బాస్ జిగ్‌ని కొరికి పట్టుకోదు, మొప్పలు ఒక్కసారి విప్పి నీళ్లతో పాటు లోపలికి పీల్చేస్తుంది, తిండి కాదని తెలిసిన మరుక్షణం అంతే వేగంగా బయటికి తోసేస్తుంది. ఆ మధ్యలో ఉండే క్షణమే మీ చేతికి అందాలి.

ముందు జిగ్ కిందకి పడటం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే చాలాసార్లు చేప అప్పుడే అందుకుంటుంది, మనం మాత్రం జిగ్ అడుగుకి చేరాక మొదలుపెడదాంలే అని రీల్ సర్దుకుంటూ ఉంటాం. కాస్ట్ చేశాక, అంటే జిగ్‌ని నీళ్లలోకి విసిరాక, లైన్‌ని బాగా బిగించకండి, బిగిస్తే జిగ్ నిట్టనిలువుగా పడకుండా మీ వైపుకి ఊగుతూ వచ్చేస్తుంది. అలాగని పూర్తిగా వదులుగా వదిలేసినా ఏమీ తెలీదు. కొంచెం వదులుగా ఉంచి, లైన్ నీళ్లలోకి దిగే చోటునే చూస్తూ మనసులో ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టండి. జిగ్ అడుగు తాకగానే దిగుతున్న లైన్ ఆగిపోయి మెత్తబడుతుంది. మొదటి కాస్ట్‌కి ఎనిమిది లెక్కకి ఆగిందనుకోండి, పక్కనే ఇంకో కాస్ట్ వేస్తే నాలుగుకే ఆగిపోయిందంటే మధ్యలో ఏదో అందుకుంది. లైన్ పక్కకి జరగడం మొదలుపెట్టినా అంతే. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకూడదు.

అడుగుకి చేరాక రాడ్ కొనని నీళ్ల వైపు నుంచి మెల్లగా పైకి లేపుతూ జిగ్‌ని జానెడో మూరెడో ఈడ్చండి, ఆపండి, వదులైన లైన్‌ని రీల్‌తో చుట్టుకోండి, మళ్లీ ఈడ్చండి. ఈడ్చేది రాడ్‌తో, రీల్‌తో కాదు, ఇది మాత్రం గట్టిగా పట్టించుకోండి, రీల్‌తో లాగితే అడుగున ఏముందో సగం కూడా చేతికి రాదు. లైన్‌ని చూపుడు వేలి మీదుగా పోనివ్వండి. గులకరాళ్ల మీద టికటికటిక అని వస్తుంది, బురదలో అయితే బరువుగా మెత్తగా లాగినట్టు ఉంటుంది, కొమ్మ మీదకెక్కేటప్పుడు బరువు మెల్లగా పెరిగి అవతలికి జారగానే ఠక్కున పోతుంది. చేప కొడితే ఒక్కోసారి టక్ అని గట్టి దెబ్బే తగులుతుంది, అది తెలియకపోవడమంటూ ఉండదు. కానీ చలికాలంలో మాత్రం చాలాసార్లు దెబ్బ ఉండదు, తడిగుడ్డేదో తగులుకున్నట్టు మెత్తటి బరువు వస్తుంది, లేదా ఉన్న బరువు కాస్తా మాయమైపోతుంది, అంటే చేప జిగ్‌ని నోట్లో పెట్టుకుని మీ వైపే ఈదుతోందన్నమాట. అనుమానం వస్తే చాలు, రాడ్ కిందకి దించి వదులంతా చుట్టేసి ఒక్క ఊపున గట్టిగా పైకి లాగండి. జిగ్ హుక్ లావుగా ఉంటుంది, పైగా దాని ముందు వీడ్‌గార్డ్, అంటే గడ్డిలో చిక్కుకోకుండా హుక్‌ని కాచే బొచ్చు, ఉంటుంది, ప్లాస్టిక్ వానపాముకి లాగినట్టు మెల్లగా లాగితే దిగదు.

చెయ్యికి అలవాటు కావడానికి ఇంకో దారి చెప్తాను. ఒడ్డున మోకాలి లోతులో తేటగా ఉన్న చోట జిగ్ వేసి, అది రాయి ఎక్కడం దిగడం కంటితో చూస్తూ ఈడవండి, తర్వాత అదే చోట కళ్లు మూసుకుని ఈడవండి. ఇంట్లో పిల్లలుంటే ఇంకా మంచిది, జిగ్ హుక్‌ని కత్తిరించేసి లైన్ చివర పిల్లాడి చేతికిచ్చి మీరు అటు తిరిగి నిలబడండి, వాడు ఇష్టమొచ్చినప్పుడు రెండు వేళ్లతో చిన్నగా లాగుతుంటాడు, ఎంత చిన్నగా లాగినా మీరు చెప్పగలగాలి. ఇంకోటి, కొన్నాళ్లపాటు లేక్‌కి వెళ్లేటప్పుడు జిగ్ తప్ప ఇంకేమీ తీసుకెళ్లకండి. పెట్టెలో వానపాములుంటే పది కాస్ట్‌లకి చెయ్యి అటే పోతుంది.

షాపుకి వెళ్తే గోడ నిండా జిగ్‌లే. ఆర్కీ, ఫుట్‌బాల్, స్విమ్, ఫ్లిప్పింగ్, ఫినెస్... ఏది కొనాలి? రాడ్ కూడా కొత్తది కావాలా? – ఒక పాఠకుడు, ఇర్వింగ్

ఆర్కీ తల ఉన్న 3/8 ఔన్స్ జిగ్‌లు, అంటే సుమారు పది గ్రాములవి, రెండు రంగుల్లో కొనండి. ఒకటి గ్రీన్ పంప్కిన్ గానీ బ్రౌన్ గానీ, ఇంకోటి బ్లాక్ అండ్ బ్లూ. ఆర్కీ తల కొమ్మల్లోనూ రాళ్లలోనూ గడ్డిలోనూ ఓ మాదిరిగా అన్నిచోట్లా నడుస్తుంది కాబట్టి మొదట అదే చాలు. ఫుట్‌బాల్ తల రాళ్ల నేల మీద ఈడ్చడానికి, స్విమ్ జిగ్ అడుగు తాకకుండా గడ్డి పైనుంచి చుట్టుకుంటూ రావడానికి, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. నీళ్లు బాగా లోతుగా ఉన్నా గాలి ఎక్కువగా ఉన్నా 1/2 ఔన్స్‌కి వెళ్లండి.

షాపులో ఉన్నది ఉన్నట్టు కట్టేయకుండా ఇంటికి తెచ్చాక కొంచెం పని ఉంది. స్కర్ట్ పొడవుగా వేలాడుతుంటే హుక్ వంపు దాటి కొంచెం మాత్రమే ఉండేలా కత్తిరించండి, లేకపోతే చేప దారాల చివర్లు పట్టుకుని వదిలేస్తుంది. వీడ్‌గార్డ్ బొచ్చు గట్టిగా ఉంటే వేలితో రెండు వైపులా విడదీసి, మరీ దట్టంగా అనిపిస్తే నాలుగైదు పోగులు తీసేయండి. హుక్ మొనని బొటనవేలి గోరు మీద పెట్టి ఆనించీ ఆనించకుండా లాగండి, గోటిలో ఆగితే పదునున్నట్టు, జారిపోతే సానపెట్టాలి.

రాడ్ విషయంలో మాత్రం రాజీ పడొద్దనే చెప్తాను. ఏడడుగుల మీడియం హెవీ ఫాస్ట్ యాక్షన్ బెయిట్‌కాస్టింగ్ రాడ్, అంటే గట్టిగా ఉండి కొన దగ్గరే వంగేది, రీల్ పైన కూర్చునేది. దాని మీద 15 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైన్. మెత్తటి రాడ్‌తో జిగ్ వేస్తే అడుగూ తెలీదు, హుక్కూ దిగదు. ముడి పాలమర్ వేసుకోండి, బిగించే ముందు నోటితో తడపండి, పొడిగా లాగితే ఫ్లోరోకార్బన్ ముడి దగ్గరే బలహీనపడిపోతుంది.

బెయిట్‌కాస్టర్‌లో లైన్ గూడులా చిక్కుపడిపోతోందని ఇంకొందరు కూడా రాశారు. జిగ్‌ని కొననుంచి వేలాడదీసి బటన్ నొక్కితే అది మెల్లగా దిగి, నేల తాకగానే స్పూల్, అంటే లైన్ చుట్టి ఉండే చక్రం, ఆగిపోయేలా టెన్షన్ నాబ్ బిగించండి, జిగ్ నీళ్లని తాకే క్షణానికి బొటనవేలు స్పూల్ మీద ఉండాలి. అంతే.

లేక్ లూయిస్‌విల్‌లో ఒడ్డు నుంచి వేస్తున్నా. వేసిన ప్రతి జిగ్ ఇరుక్కుపోతోంది, పొద్దున్నే వెళ్లి రాళ్లకి ఇరవై డాలర్లు సమర్పించుకుని వస్తున్నా. ఇరుక్కోకుండా ఏం చేయాలి? – ఒక పాఠకుడు, ప్లేనో

అస్సలు ఇరుక్కోని చోట జిగ్ వేస్తే అక్కడ చేప కూడా ఉండదండీ, అది ముందే చెప్పాలి. బాస్ రాయి పక్కన, కొమ్మ కింద, నీడలో పొంచి ఉండే చేప. కాకపోతే ఇరుక్కున్న దాన్ని మనమే లాగి లాగి గట్టిగా దిగేసేలా చేస్తాం. తగిలిందని తెలియగానే లాగడం ఆపేయండి. లైన్ వదులు చేసి రాడ్ కొనని చిన్నగా వణికించండి, చాలాసార్లు సీసం తల బరువుకి అదే వెనక్కి జారి ఊడొస్తుంది. రాకపోతే లైన్ బిగించి, రాడ్ పక్కన లైన్‌ని వేళ్లతో పక్కకి లాగి టక్కున వదిలేయండి, రెండు మూడుసార్లు. అప్పటికీ రాకపోతే ఒడ్డు వెంబడి నడిచి, ఎటు నుంచి వేశారో దానికి ఎదురు వైపు నుంచి లాగండి. తెంపాల్సి వస్తే చేతికి చుట్టుకుని లాగొద్దు, కోసేస్తుంది. తెగిన లైన్ ముక్కలు ఒడ్డున పడేయొద్దు, కొంగలూ తాబేళ్లూ అందులో చిక్కుకుంటాయి.

కొమ్మల్లో ఈడ్చేటప్పుడు ఇంకో సంగతి. జిగ్ కొమ్మ ఎక్కుతున్నట్టు బరువు రాగానే గట్టిగా లాగకుండా, కొమ్మ పైకి వచ్చేదాకా మెల్లగా తెచ్చి అక్కడే నాలుగుసార్లు ఊపి అవతలికి జారనివ్వండి. చేప కొట్టేది అప్పుడే. మీరు ఇన్నాళ్లూ తప్పించుకుందామని చూసిన చోటే అసలు చోటు.

లూయిస్‌విల్‌లో రాళ్ల మీద జీబ్రా మసెల్స్ కూడా ఉన్నాయి. వేలి గోరంత ఉండే ఆ చారల ఆల్చిప్పలు టెక్సస్‌లో మొదట 2009లో లేక్ టెక్సోమాలో కనిపించాయి, తర్వాత రే రాబర్ట్స్‌కీ లూయిస్‌విల్‌కీ పాకాయి. వాటి అంచులు బ్లేడంత పదును. అందుకే పది కాస్ట్‌లకోసారి జిగ్ పైన రెండడుగుల లైన్‌ని వేళ్ల మధ్య పెట్టి జారుస్తూ చూడండి, గరుకు తగిలితే అక్కడిదాకా కోసేసి మళ్లీ ముడి వేయండి. బద్ధకించకండి, పెద్ద చేప పడిన రోజే అది తెగుతుంది. కయాక్ ఉన్నవాళ్లు లేక్ నుంచి బయటికొచ్చేటప్పుడు నీళ్లన్నీ ఒంపేసి ఆరబెట్టాలి, అలా వంచడం టెక్సస్‌లో చట్టం కూడా.

మా వారికంటే నాకే ఫిషింగ్ పిచ్చి ఎక్కువ. లేక్ ట్రావిస్‌లో నీళ్లు చాలా తేటగా ఉంటాయి, బెయిట్‌కాస్టర్ నాకు బరువనిపిస్తుంది. స్పిన్నింగ్ రాడ్‌తో జిగ్ వేయొచ్చా? – ఒక పాఠకురాలు, ఆస్టిన్

భేషుగ్గా వేయొచ్చు మేడమ్, ట్రావిస్‌కి అదే బాగుంటుంది కూడా. ఫినెస్ జిగ్ అని చిన్న తల, పొట్టి స్కర్ట్, కాస్త సన్నటి హుక్ ఉన్నది దొరుకుతుంది, 1/4 లేదా 5/16 ఔన్స్‌ది తీసుకోండి. మీడియం స్పిన్నింగ్ రాడ్ (రీల్ కింద వేలాడేది) మీద సన్నటి బ్రెయిడ్, అంటే అల్లిన లైన్, చివర జిగ్‌కి కట్టడానికి 8 లేదా 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ముక్క, దాన్ని లీడర్ అంటారు. హుక్ సన్నం కాబట్టి మీరు భుజాలు నొప్పి పుట్టేలా లాగక్కర్లేదు. రంగు గ్రీన్ పంప్కిన్, బ్రౌన్ చాలు, బ్లాక్ అండ్ బ్లూని వాన పడి నీళ్లు మురికిగా మారిన రోజుకి దాచుకోండి.

ట్రావిస్‌కి ఇంకో మేలుంది. మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ వెనక ఉండే ఈ లేక్‌లో నీటి మట్టం బాగా ఎక్కి దిగుతుంటుంది. దిగినప్పుడు ఒడ్డు వెంబడి నడవండి, మామూలుగా మునిగి ఉండే రాళ్ల గట్లు, అంచులు, మొద్దులు అన్నీ బయటపడి ఉంటాయి, ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు మళ్లీ ఎక్కాక ఎక్కడ వేయాలో మీకు తెలిసినంత ఖరీదైన సోనార్ పెట్టుకున్న వాళ్లకి కూడా తెలీదు. అక్కడ పడే చేపల్లో చిన్నగా పచ్చగా పక్కల వెంట మచ్చలతో ఉండేవి కొన్ని లార్జ్‌మౌత్ కాకపోవచ్చు, గ్వాడలూప్ బాస్ కావచ్చు. టెక్సస్ రాష్ట్ర చేప అదే, 1989 నుంచి. చిన్నదే గానీ ప్రవాహంలో పెరిగే చేప కాబట్టి దాని పౌరుషం వేరు.

ఏ కాలంలో ఎలా వేయాలని కూడా అడిగారు. నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూఇటూగా ఉన్నప్పుడు చేప ఎక్కువ దూరం కదలదు, జిగ్‌ని ఒకచోట ఆపి పదిహేను ఇరవై సెకన్లు ఊరికే ఉంచండి. 60 దాటి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజుల్లో లోతు తక్కువ చోట వేయండి, గూళ్ల మీద మగచేప కాపలా ఉంటుంది, దాన్ని పట్టుకుంటే వెంటనే అక్కడే వదిలేయండి, అది కాస్త దూరమైనా చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. ఎండాకాలం పొద్దున్న పూట ఒడ్డు, ఎండెక్కాక లోతు.

మా నాన్నగారు భీమవరం నుంచి మూడు నెలలకి వస్తున్నారు. చిన్నప్పటి నుంచి కాలవల్లో కొరమీనుకి గాలం వేసిన మనిషి, ఇక్కడ ఇంట్లో కూర్చోమంటే కష్టం. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు చేపలు పట్టొచ్చా? వయసు 68, లైసెన్స్ కావాలా? – ఒక పాఠకుడు, మెకిన్నీ

తప్పకుండా తీసుకెళ్లండి, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. చేపల లైసెన్స్‌కి వీసాతో సంబంధం లేదు, పాస్‌పోర్ట్ చూపించి తీసుకోవచ్చు. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండిన అందరికీ లైసెన్స్ కావాలి, పెద్దవాళ్లలో పూర్తి మినహాయింపు 1931 జనవరి 1 కంటే ముందు పుట్టినవాళ్లకే, కాబట్టి నాన్నగారికి కావాలి. రాష్ట్రంలో వరసగా ఆరు నెలలు దాటి ఉన్నవాళ్లే రెసిడెంట్ కింద లెక్క, ఆయనది నాన్‌రెసిడెంట్ అవుతుంది. ఒక్కరోజుది కూడా ఇస్తారు, రోజుకి 16 డాలర్లు, ఎక్కువసార్లు వెళ్లేట్టయితే ఏడాదిది తీసుకోవడం మేలు. రేట్లు మారుతుంటాయి, కొనేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల దగ్గర ఒకసారి చూసుకోండి. స్టేట్ పార్క్ లోపల ఒడ్డు నుంచి పడితే మాత్రం లైసెన్సే అక్కర్లేదు, పార్క్ ఎంట్రీ కట్టుకుంటే చాలు. మీకు దగ్గర్లోనే రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ ఉంది. అలాగే జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతా లైసెన్స్ లేకుండా పట్టుకోవచ్చు.

జిగ్ గురించి ఆయనకి మీరు ఎక్కువ చెప్పక్కర్లేదు. కొరమీను కూడా తూటికాడలోనో గుర్రపుడెక్క కిందనో పొంచి ఉండి ఎర మీద పడే చేపే, పిల్లల్ని కాచుకుంటుంది, బాస్ కూడా అంతే. చేప ఎక్కడ ఉంటుందో ఆయన నీళ్లు చూసే చెప్పేస్తారు, మీకు ఇన్నేళ్లుగా తట్టని చోటు చూపిస్తారు. ఆయనకి కొత్తగా ఉండేది రెండే, ఒకటి రీలు, రెండోది పట్టిన చేపని కొలిచి వదిలేయడం. రీలుకి స్పిన్నింగ్ ఇవ్వండి, మొదటిరోజే తిప్పేస్తారు. రెండోదానికి కాస్త ఓపిగ్గా చెప్పండి.

లేక్ ఫోర్క్‌లో జిగ్‌కి పెద్ద బాస్ పడితే ఇంటికి తెచ్చుకుని పులుసు పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, అలెన్

ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ ఏది పడినా అక్కడే వదిలేయాలి. రోజుకి ఐదు తెచ్చుకోవచ్చు గానీ అవి 16 లోపువి అయ్యుండాలి, ఆ ఐదింటిలో 24 దాటినది ఒక్కటి మాత్రం ఉండొచ్చు. మామూలు లేక్‌లలో అయితే 14 అంగుళాలు ఉండాలి, రోజుకి ఐదు. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. గేమ్ వార్డెన్, అంటే ఈ నిబంధనలు చూసే అధికారి, వస్తే ఆయనా అలాగే కొలుస్తాడు.

పెద్దది 24 దాటినా సరే, వదిలేయమనే నేనంటాను. ఫోర్క్ 1980లో కట్టిన లేక్, సుమారు 27 వేల ఎకరాలు. ఈ నిబంధనల వల్లే అక్కడ చేప ముసలిదయ్యేదాకా బతుకుతోంది. 1986లో అక్కడ పడిన 17.67 పౌండ్ల బాస్‌ని చంపకుండా ప్రాణాలతో ఉంచడంతోనే పెద్ద బాస్‌లని ప్రాణాలతో తీసుకుని వాటి పిల్లల్ని పెంచే రాష్ట్రం వాళ్ల షేర్‌లంకర్ కార్యక్రమం మొదలైంది, 1992లో 18.18 పౌండ్లతో ఇప్పటికీ నిలిచి ఉన్న రాష్ట్ర రికార్డు కూడా ఫోర్క్‌దే. అంత చేప కావాలంటే ఆడదే అయ్యుండాలి, ఎన్నో ఏళ్లు పెరిగి ఉండాలి. ఒక్కపూట పులుసుకి దాన్ని తీసుకురావడం నాకు మనసొప్పదు. పైగా వయసు మీరిన బాస్‌లో మెర్క్యురీ పేరుకుంటుంది, కాడో లేక్ బాస్ విషయంలో అయితే రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికే ఉంది, గర్భిణులకీ పిల్లలకీ మరీ జాగ్రత్త. పులుసుకి కాట్‌ఫిష్ తెచ్చుకోండి, వేపుడుకి శాండ్ బాస్. వాటి రుచికి ఏ లోటూ ఉండదు.

జిగ్‌కి పడిన చేప సాధారణంగా పైపెదవికో అంగిట్లోనో హుక్ పడి ఉంటుంది, లోపలికి మింగదు, కాబట్టి వదిలితే బతుకుతుంది. చెయ్యి తడి చేసుకుని పట్టుకోండి, బరువున్న చేపని దవడతో మాత్రమే వేలాడదీయకుండా కడుపు కింద రెండో చెయ్యి పెట్టండి, ఫొటో తీసేవాళ్లు ముందే రెడీగా ఉండాలి.

బోస్టన్‌కి మారుతున్నాం. నా జిగ్ పెట్టె అక్కడ పనికొస్తుందా? – ఒక పాఠకుడు, రౌండ్ రాక్

సీసం తలలున్నవైతే పనికిరావు. మసాచుసెట్స్‌లో మంచినీటి చెరువుల్లో, నదుల్లో 1 ఔన్స్ కంటే తక్కువ బరువున్న సీసపు జిగ్‌లూ సింకర్లూ 2012 నుంచి నిషేధం, పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌లో కూడా 1 ఔన్స్ దాకా వాడకూడదు. లూన్ అనే నీటిపక్షులు అడుగున పడున్న సీసం ముక్కల్ని మింగి విషమెక్కి చచ్చిపోతున్నాయి, కారణం అది. టంగ్‌స్టన్ జిగ్‌లు కొనుక్కోండి. ధర ఎక్కువే గానీ అదే బరువుకి తల చిన్నగా ఉంటుంది, సీసం కంటే గట్టిది కాబట్టి రాయి తగిలితే చేతికి ఇంకా బాగా తెలుస్తుంది, అక్కడ రాళ్లలో ఉండే స్మాల్‌మౌత్ బాస్‌కి అది బాగా పనికొస్తుంది. ఉన్న సీసం జిగ్‌లు పారేయకండి, రౌండ్ రాక్‌లోనే ఎవరైనా కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చి వెళ్లండి.